తామర తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది, ఏం చేయాల?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం దగ్గర పల్లె. నాలుగు నెలలుగా నడుము చుట్టూ, గజ్జల్లో తామర. మొదట్లో రూపాయి బిళ్లంత ఉండె. మందులషాపులో ఇచ్చిన ట్యూబు పూస్తే రెండు రోజుల్లో దురద పోయింది. భలే మందు అనుకున్నా. ఆపిన వారానికే అరచేయంత అయింది. ట్యూబు మీద చదివితే క్లోబెటసాల్ అని ఉంది, అంటే స్టెరాయిడ్. దురదను అణుస్తుంది, లోపల తామర తెచ్చే ఫంగస్‌ను పెంచుతుంది. చదవకుండా పూసింది నేనే, ఎవర్ని అనేది?

తర్వాత చర్మం డాక్టరు రాసిన టెర్బినఫిన్ అనే ఫంగస్‌ను చంపే మాత్రలు నాలుగు వారాలు మింగినా, సగమే తగ్గింది. ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే ఫంగస్ రకం ఈ మందుకు చాలామందిలో లొంగడం లేదంట. నాకు సోకింది అదేనని ఎట్లా తెలిసేది? పొట్టు గీరి మైక్రోస్కోపులో చూస్తే ఫంగస్ ఉందని తెలుస్తుంది గానీ ఏ రకమో తెలియదు కదా. ఇక్కడ గానీ కర్నూలులో గానీ కల్చర్ పరీక్ష (పొట్టులోని ఫంగస్‌ను ల్యాబులో పెంచి చూసేది) చేయించినోళ్లు ఉన్నారా? ఇట్రాకోనజోల్ అనే ఇంకో ఫంగస్ మందుకు మారినోళ్లకు ఎన్ని వారాలు పట్టింది?

గజ్జి, తామర ఒకటేనని మా అవ్వ వేపాకు నూరుతోంది. గజ్జి పురుగుతో వచ్చేది, ఇది బూజు జాతి అంటే వినదు. ఇంకో దిగులు: ఇంట్లో అందరం ఒకే తువ్వాలు వాడినాం, ఇప్పుడు చిన్నపాపకు మెడ మీద మొదలైంది. పాపకు క్రీము చాలునా, మాత్రలు పడతాయా?