సహాయ మంత్రి పదవిలో ఉండి పెద్ద పని చేసినవారు బ్రిటన్‌లో ఎవరైనా ఉన్నారా?

వంశధార అమ్మాయి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను బి.ఎ. రెండో సంవత్సరం చదువుతున్నాను. బ్రిటన్ మంత్రివర్గం గురించి సెమినార్‌లో మాట్లాడాలి. అక్కడ క్యాబినెట్ మంత్రుల కింద సహాయ మంత్రులు, వాళ్ల కింద పార్లమెంటరీ అండర్ సెక్రటరీలు ఉంటారని పుస్తకంలో ఉంది. సభలో జవాబులు చదవడం తప్ప వీళ్ల చేతిలో ఏమీ ఉండదని మా తరగతిలో అందరూ అంటున్నారు. క్యాబినెట్‌లో చోటు లేకుండానే చెప్పుకోదగ్గ పని చేసినవారు ఒక్కరైనా ఉన్నారా? పేరు ఒక్కటే చాలదు, ఆ పని ఎలా సాధ్యమైందో కూడా చెప్పండి.

గని కార్మికుని కూతురు

ఉన్నారమ్మా. జెన్నీ లీ. ఆమె పేరు వింటే నాకు మా ఇంటి మనిషి పేరు విన్నట్టు ఉంటుంది. ఎందుకో చివర్లో చెబుతాను.

1904లో స్కాట్లండ్‌లోని ఫైఫ్ బొగ్గు ప్రాంతంలో, లాక్‌గెల్లీ అనే ఊళ్లో పుట్టింది. తండ్రి గని కార్మికుడు. ఉపకార వేతనాల మీద ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో చదివింది. 1926 సమ్మెలో గని కార్మికులు నెలల తరబడి జీతం లేకుండా నిలబడ్డారు. ఆమె చదువు ముగింపుకు వచ్చిన రోజులవి. ఆ తర్వాత టీచరుగా పనిచేసి, 1929లో నార్త్ లానార్క్ ఉప ఎన్నికలో గెలిచి పార్లమెంటులో అడుగుపెట్టింది. అప్పటికి ఆమెకు 24 ఏళ్లు. 21 ఏళ్లు నిండిన ఆడవాళ్లకు ఓటు ఇస్తూ చట్టం వచ్చింది కానీ, ఆ ఓటు మొదటిసారి పడింది అదే ఏడాది మే ఎన్నికల్లో. అంటే తనకు ఓటు వేసే అవకాశం రాకముందే ఆమె సభ్యురాలైంది! మొదటి ప్రసంగంలోనే ఆర్థిక మంత్రి చర్చిల్ బడ్జెట్‌ను ఉతికేసింది.

1931లో ఓడిపోయి, మళ్లీ 1945లో కానక్ నుంచి గెలిచింది. ఈ మధ్యలో 1934లో అనైరిన్ బెవన్‌ను పెళ్లి చేసుకుంది. జాతీయ ఆరోగ్య సేవను తెచ్చిన బెవనే ఆయన. ఆయనా చిన్నప్పుడు గనిలో పనిచేసినవాడే. 1960లో ఆయన పోయాక ఆమె బాగా కుంగిపోయింది.

ఇక నువ్వు అడిగిన పని. 1964లో హెరాల్డ్ విల్సన్ ప్రధాని కాగానే ఆమెకు కళల శాఖ అప్పగించాడు. మరుసటి ఏడాది ఆమె విద్యాశాఖలో అండర్ సెక్రటరీ అయింది, 1967లో సహాయ మంత్రి. క్యాబినెట్‌లో మాత్రం ఎన్నడూ లేదు. రేడియో, టీవీ, తపాలా ద్వారా ఇంటి దగ్గరే చదువు చెప్పే ఓపెన్ యూనివర్సిటీ, అంటే సార్వత్రిక విశ్వవిద్యాలయం, పెట్టే బాధ్యత కూడా ఆమెదే. సలహా సంఘానికి తానే అధ్యక్షత వహించి, 1966 ఫిబ్రవరిలో శ్వేతపత్రం తెచ్చింది. అధికారులకు ఇష్టం లేదు, డబ్బు ఇవ్వాల్సిన ఆర్థిక శాఖకు అసలే ఇష్టం లేదు. ప్రతిపక్షంలో ఇయాన్ మెక్లియాడ్ అయితే ఇది ఒట్టి పిచ్చి మాట అని కొట్టిపారేశాడు.

ఆమె పట్టు పట్టింది ఒక్క చోట. చేరడానికి పాత సర్టిఫికెట్లు అడగకూడదు, కానీ చివర ఇచ్చే డిగ్రీ మాత్రం ఏ విశ్వవిద్యాలయం డిగ్రీకీ తీసిపోకూడదు. పేదవాళ్లకు కదా, ఏదో ఒక చిన్న కోర్సు చాలు అన్నవాళ్ల మాట ఆమె చెవిన పెట్టలేదు. అందుకే సైన్స్ విద్యార్థుల ఇళ్లకు ప్రయోగాల పెట్టెలు వెళ్లాయి, వాటిలో చిన్న ప్లాస్టిక్ మైక్రోస్కోపు కూడా ఉండేది. వంటింటి బల్ల మీద ఉల్లిపొర పెట్టి చూసుకోగలిగే చదువది.

నా సంగతి. మా నాన్న సింగరేణిలో పనిచేశారు. పదో తరగతితో నా చదువు ఆగింది. 1987లో అర్హత పరీక్ష రాసి హైదరాబాద్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బి.ఎ.లో చేరాను. ఆదివారం కాంటాక్ట్ క్లాసులు ఉండేవి. మా ముందు బెంచీలో ఒకాయన రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చేవాడు. ముఖం కడుక్కున్నా కనురెప్పల అంచున బొగ్గు మసి పోయేది కాదు, కాటుక గీసినట్టు ఉండేది. ఆ గీత గుర్తొచ్చినప్పుడల్లా లాక్‌గెల్లీ కూడా గుర్తొస్తుంది.

పాత పత్రికల పాఠకుడు

అక్కగారూ, చాలా బాగా చెప్పారు. అయితే ఈ ఆలోచన ఆమెది కాదు. 1962లోనే మైకేల్ యంగ్ అనే సామాజిక శాస్త్రవేత్త దీని గురించి రాశాడు. 1963లో గ్లాస్గోలో విల్సన్ ప్రకటించాడు. వెనుక ప్రధాని లేకపోతే ఏ సహాయ మంత్రి మాట చెల్లుతుంది? మొదట చేరినవారిలోనూ కార్మికుల కంటే టీచర్లే బాగా కనిపించారు.

గని కార్మికుని కూతురు

తమ్ముడూ, రెండూ నిజమే. విల్సన్ అండ ఉండబట్టే ఆమె తన పై మంత్రిని దాటి నేరుగా ప్రధాని దగ్గరికి వెళ్లగలిగింది. ఆ అమ్మాయి అడిగిన 'ఎలా' అనే మాటకు ఇదే జవాబు. కానీ గ్లాస్గోలో చెప్పింది ప్రసంగం మాత్రమే. దాన్ని 1969లో విశ్వవిద్యాలయాన్ని స్థాపించే రాయల్ చార్టర్ దాకా లాక్కొచ్చింది ఆమె. టీచర్ల విషయానికొస్తే, వాళ్లలో చాలామందికి అప్పటికి డిగ్రీ లేదు. డిగ్రీ లేని టీచరు చదువుకోవడం చిన్న విషయమని నేను అనుకోను.

1970 జూన్‌లో ఆమె కానక్‌లో ఓడిపోయింది, ప్రభుత్వమూ పడిపోయింది. 1971 జనవరిలో 20 వేలకు పైగా విద్యార్థులతో పాఠాలు మొదలయ్యేనాటికి ఆమె చేతిలో ఏ పదవీ లేదు. అప్పటి విద్యామంత్రి మార్గరెట్ థాచర్ దాన్ని మూసెయ్యకుండా కొనసాగనిచ్చారు, అదీ చెప్పుకోవాలి.

పాత పత్రికల పాఠకుడు

ఒప్పుకుంటున్నాను. అమ్మాయీ, ఇంకొకటి రాసుకో: మన దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో పెట్టిందే. బ్రిటన్ నమూనాను దగ్గర పెట్టుకునే కట్టారు. మొదటి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డి. ఇప్పుడది అంబేద్కర్ పేరు మీద ఉంది.

వంశధార అమ్మాయి

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. జెన్నీ లీ గురించే మాట్లాడతాను. అమ్మా, మీ ముందు బెంచీ ఆయన సంగతి కూడా చెప్పవచ్చా?

గని కార్మికుని కూతురు

చెప్పమ్మా. ఆయన పాసయ్యాడని కూడా చెప్పు. మూడో ఏడాది చరిత్ర పేపరు రెండోసారి రాసి పాసయ్యాడు.