అపెండిక్స్ ఆపరేషన్ అయ్యాక ఏడు రోజులు యాంటీబయాటిక్ వేసుకోవాలా, ఆపేయొచ్చా?

బ్రాడీపేట_అన్న:
మా తమ్ముడికి 19 ఏళ్లు, సోమవారం గుంటూరులో లాప్రోస్కోపీ చేసి అపెండిక్స్ తీశారు, మూడో రోజు ఇంటికి పంపారు. సెఫిక్సిమ్ రెండు పూటలా, మెట్రోనిడజోల్ మూడు పూటలా, ఏడు రోజులు రాశారు. ఆ రెండోది మొదలెట్టిన దగ్గర్నుంచి నోట్లో ఇనుప మేకు పెట్టుకున్నట్టుంది అంటన్నాడు, నిన్న చారన్నం కూడా కక్కేశాడు. ఫార్మసీ చదివిన మా పిన్ని కూతురేమో ఆపరేషన్ ముందు ఇచ్చిన ఇంజెక్షనే చాలు, ఇవి దండగ అంది. అమ్మ ఒక్క మాత్ర మాననివ్వదు. ఆపాలా వద్దా?

ఓటీ_సిస్టర్_బెజవాడ:
నేను పదకొండేళ్లుగా ఆపరేషన్ థియేటర్లో చేస్తన్నా. మీ పిన్ని కూతురు చెప్పింది కరెక్టే. కోత పెట్టే ముందు గంట లోపు నరానికి ఇచ్చే యాంటీబయాటిక్ డోసు ఉంది చూడండి, అదే అసలు కాపలా. కోత పడే టయానికి మందు ఒంట్లో పాకి ఉంటే పేగులో క్రిములు గాయానికి అంటుకున్నా నిలవలేవు. అంతా కుట్టేశాక మాత్రలు మింగితే ఆ గంట తిరిగి రాదు. ఆపరేషన్ అయ్యాక నివారణ కోసమని యాంటీబయాటిక్ పొడిగించొద్దని 2016లో డబ్ల్యూహెచ్ఓ కూడా రాసింది.

మిర్చియార్డు:
సిస్టర్ గారూ ఏసీ థియేటర్లో నిలబడి చెప్పటం తేలిక. నాకు 2021లో ఇదే ఆపరేషన్. ఎనిమిదో రోజు లేచేసరికి లుంగీ అంచు తడిగా ఉంది, ఏందా అని చూస్తే కుట్టు దగ్గర చీము. రెండు కుట్లు విప్పి రోజూ గాజుగుడ్డ లోపలికి కుక్కేవాళ్లు, మర్నాడు పీకేటప్పుడు పళ్లు బిగబట్టేవాణ్ణి. 22 రోజులు. బస్తా ఎత్తితే గానీ కూలి రాని మనిషిని నేను. మాత్రలు దండగ అంటే నేను ఒప్పుకోను, తమ్ముడి చేత మొత్తం వాడించండి.

కృష్ణలంక_కుర్రోడు:
పప్పు పెట్టకండి అన్నా, చీము పడుద్ది.

ఓటీ_సిస్టర్_బెజవాడ:
పప్పు శుభ్రంగా పెట్టొచ్చు బాబూ, గాయం మానేది దాంతోనే.
మిర్చియార్డు అన్నా, మీకు కోతకు ముందు ఇంజెక్షన్ ఏ టయానికి ఇచ్చారు? అది ఆలస్యమైతే ఇలా అవ్వొచ్చు.

మిర్చియార్డు:
మత్తులో ఉన్నోడికి టయం ఎట్టా తెలుసుద్దమ్మా?

ఓటీ_సిస్టర్_బెజవాడ:
మత్తు డాక్టరు గారి షీట్లో ఉంటది.

మిర్చియార్డు:
షీట్లో ఏం రాసినా మేం చూడొచ్చామా. ఇచ్చామంటే ఇచ్చినట్టు, లేదంటే లేనట్టు. అందుకే మాత్రలు. అది నా చేత్తో నేను వేసుకుంటా, వేసుకున్నానో లేదో నాకు తెలుసు.

పీజీ_సర్జరీ:
ఇంజెక్షన్ టయం మీద కొట్టుకుంటా అసలుది వదిలేస్తన్నారు. అసలు యాంటీబయాటిక్ పనిచేస్తదా అనేది తేలిపోయిన విషయం. 45 అధ్యయనాలు, 9576 మంది పేషెంట్లను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష ఉంది, ఉత్తుత్తి మందు ఇచ్చినోళ్లతో పోలిస్తే యాంటీబయాటిక్ ఇచ్చినోళ్లలో గాయం చీము పట్టటం, కడుపులో చీముగడ్డ రెండూ తగ్గాయి. ఇప్పుడున్న తగువు ఎన్ని రోజులు అనే దాని మీద. మామూలు వాపే అయితే ఆపరేషన్ తర్వాత అక్కర్లేదు. పగిలినా, కుళ్లినా లెక్క వేరు, అది నివారణ కాదు, వైద్యం. అలాంటోళ్ల మీదే నెదర్లాండ్స్‌లో వెయ్యి మందికి పైగా పెట్టి చూశారు, 2023లో వచ్చింది, నరానికిచ్చే మందు ఐదు రోజులకు బదులు రెండు రోజులే ఇచ్చినా ఇన్ఫెక్షన్ల విషయంలో తీసిపోలేదు. మళ్లీ అడ్మిట్ అయినోళ్లు మాత్రం రెండు రోజులోళ్లలో ఎక్కువ.

మిర్చియార్డు:
చూశారా, మళ్లీ అడ్మిట్ అయ్యేది ఎక్కువంట! ఆ అడ్మిషన్ డబ్బులు ఎవరు కడతారు సార్? మీ హాస్పిటలోళ్లంతా ఒకటే, పుస్తకం మీది, పుండు మాది.

మందులషాపు_అరండల్‌పేట:
నేనొక్కటి చెప్తా. సెఫిక్సిమ్ 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితాలో ఉంది, చీటీ లేకుండా ఇవ్వకూడదు, రిజిస్టర్లో రాయాలి. అయినా వారానికొకళ్లు వస్తారు, సగం వాడిన షీటు పట్టుకొని వాపసు తీసుకో అని.

ఓటీ_సిస్టర్_బెజవాడ:
మిర్చియార్డు అన్నా, హాస్పిటలోళ్లంతా ఒకటే అన్నారు కదా, వినండి. పోయినేడు మా నాన్నకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే, క్రిమి ఏ మందుకు లొంగుద్దో చూసే కల్చర్ పరీక్ష చేయించాం. ఆ కాగితం మీద మందుల పేర్లు వరసగా, పక్కన ఆర్, ఆర్, ఆర్ అని, అంటే ఆ మందుకు క్రిమి లొంగదని. రెండిటి పక్కనే ఎస్ ఉంది, రెండూ ఐసీయూలో వాడే ఇంజెక్షన్లు. జలుబుకీ జ్వరానికీ ఊరంతా మింగిన మాత్రల ఫలితం మా నాన్న మంచం మీద పడింది. నేను హాస్పిటల్ పక్షాన మాట్లాడట్లా. మా నాన్న పక్షాన మాట్లాడతన్నా.

మిర్చియార్డు:
అమ్మా, నాన్నగారి సంగతి తెలియక అన్నాను. నాదీ పూర్తిగా చెప్పలేదు. నాకూ ఏడు రోజులకే రాశారు. రెండో రోజుకే నొప్పి తగ్గింది, వాంతులవుతున్నాయి, నేనే ఆపేశా. చీము పట్టాక మా అమ్మాయి, అప్పుడు ఇంటర్, ఆ ఇంగ్లీషు డిశ్చార్జి కాగితం చదివి, నాన్నా నీది లోపలే పగిలిపోయిందంట అంది. అప్పటిదాకా నాకు తెలీదు. ఎవళ్లూ ఒక్క మాట తెలుగులో చెప్పలేదు. పగిలింది, మానొద్దు అని చెప్పుంటే మానేవాణ్ణా? నా కడుపుమంట అదమ్మా, మాత్రల గురించి కాదు.

ఓటీ_సిస్టర్_బెజవాడ:
మీది పగిలిన కేసని మొదటే తెలిస్తే ఆ ఇంజెక్షన్ గొడవ పెట్టుకునేదాన్ని కాదన్నా.
బ్రాడీపేట తమ్ముడూ, మీ తమ్ముడి డిశ్చార్జి కాగితంలో ఆపరేషన్లో ఏం కనపడిందో రాసుంటారు. అది అచ్చంగా ఇక్కడ పెట్టండి.

బ్రాడీపేట_అన్న:
ఇప్పుడే తీశా అక్కా. 'గ్యాంగ్రినస్ అపెండిక్స్, నో పర్ఫొరేషన్' అనుంది. పగల్లేదనే కదా?

ఓటీ_సిస్టర్_బెజవాడ:
పగల్లేదు గానీ కుళ్లింది. పీజీ గారు చెప్పిన రెండో లెక్కలోకి వస్తది. కాగితం అడక్కుండా మీ పిన్ని కూతురు చెప్పింది కరెక్టని అన్నాను, అది నా తప్పు. మీ అంతట మీరు ఆపొద్దు. వాంతుల సంగతి ఇవాళే ఫోన్ చేసి సర్జన్‌కి చెప్పండి, మందు మార్చాలో, రోజులు తగ్గించాలో ఆయన చూస్తారు. జ్వరం వచ్చినా, పొట్ట ఉబ్బినా, కుట్టు ఎర్రబడినా ఫోన్ కూడా వద్దు, తీసుకెళ్లిపోండి.

పీజీ_సర్జరీ:
అవును. కుళ్లిన దానికి ఎన్నాళ్లనేది చూసిన సర్జనే చెప్పాలి.

మిర్చియార్డు:
తమ్ముడూ, ఆ కాగితం తీసుకెళ్లి ఒక్కో లైను తెలుగులో చెప్పించుకో. అమ్మను కూడా తీసుకెళ్లు, ఆమె చెవిన కూడా పడాలి.

బ్రాడీపేట_అన్న:
సరే అన్నా. ఫోన్ చేశా, సాయంత్రం ఆరింటికి రమ్మన్నారు.