కరెంటు వచ్చాక బ్రిడ్జి సర్వర్ బిగుసుకుపోతోంది: కెర్నెల్ దోషమేనా?

ప్రశ్న (చీమకుర్తి నుంచి)

మా గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో డెబియన్ (ఒక రకం లినక్స్) నడిచే చిన్న సర్వర్ ఉంది. దాని ఒక పోర్టు లోపలి స్విచ్‌కు, రెండోది పైకప్పు మీది రేడియో యాంటెన్నాకు వెళ్తాయి. క్వారీ ఆఫీసుతో లింకు ఆ యాంటెన్నాదే. లారీలు తూచే కాటా సాఫ్ట్‌వేర్ బ్రాడ్‌కాస్ట్ (నెట్‌వర్కులో అందరికీ వెళ్లే సందేశం) పంపి సర్వర్‌ను వెతుక్కునే పాత రకం కాబట్టి, రెండు పోర్టులనూ ఒకే బ్రిడ్జిలో కలిపాను (లారీలు తూచే బ్రిడ్జి కాదు, పోర్టులను ఒకే నెట్‌వర్కుగా కలిపే లినక్స్ బ్రిడ్జి). కరెంటు పోతే యాంటెన్నా ఆగిపోతుంది, సర్వర్, రౌటర్ మాత్రం యూపీఎస్ మీద నడుస్తాయి. అప్పుడు నా స్క్రిప్టు ఓపెన్‌వీపీఎన్‌ను (ఇంటర్నెట్ మీదుగా క్వారీకి వేసే సొరంగం) లేపి, దాని చివర ఉండే ట్యాప్ అనే వర్చువల్ పోర్టును అదే బ్రిడ్జిలో చేరుస్తుంది. కరెంటు తిరిగొచ్చిన రెండు మూడు నిమిషాలకు సర్వర్ బిగుసుకుపోతుంది. కీబోర్డు పలకదు, లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు. రీసెట్ నొక్కితే మళ్లీ కరెంటు పోయేదాకా బాగానే ఉంటుంది. కెర్నెల్ (లినక్స్ మూల భాగం) రెండుసార్లు మార్చాను, ర్యామ్ కూడా కొత్తది వేశాను.

జవాబు (ఒంగోలు నుంచి)

ర్యామ్‌కు పెట్టిన డబ్బు దండగేనేమో అండీ. ఈసారి బిగుసుకున్నప్పుడు రీసెట్ నొక్కకుండా, క్యాప్స్‌లాక్ నొక్కుతూ యాంటెన్నా కేబుల్ పీకి చూడండి. కెర్నెల్ నిజంగా ఆగిపోయి ఉంటే కేబుల్ పీకినా కీబోర్డు మీది దీపం వెలగదు. కొద్ది సెకన్లలో వెలిగిందంటే అది లూపు. రేడియో తిరిగొచ్చేసరికి ట్యాప్ ఇంకా బ్రిడ్జిలోనే ఉంటుంది గనుక, క్వారీకి రెండు దారులు ఏర్పడి, ఒక్క బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్ ఆ వలయంలో ఆగకుండా తిరుగుతూ ప్రాసెసర్‌ను మొత్తం మింగేస్తుంది. ఈథర్నెట్ ఫ్రేములో టీటీఎల్ లాంటి ఆయుష్షు లెక్క లేదు. లూపును పసిగట్టి ఒక దారిని మూసేసే ఎస్‌టీపీ, లినక్స్ బ్రిడ్జిలో మనం ఆన్ చేస్తే తప్ప నడవదు.

ప్రశ్నించినవారు

నిన్న సాయంత్రం కరెంటు రాగానే కాచుకుని కూర్చుని, మీరు చెప్పినట్టే పీకాను. దీపం వెలిగింది, సర్వర్ తేరుకుంది. రేడియో రాగానే ట్యాప్‌ను తీసేసేలా స్క్రిప్టు మారిస్తే సరిపోతుందా?

జవాబు (నెల్లూరు నుంచి)

సరిపోదు. రేడియో వచ్చిందని స్క్రిప్టు గమనించేసరికే లూపు మొదలై ఉంటుంది, ఆ తుఫానులో స్క్రిప్టుకు వంతు రావడమే కష్టం. ఇక్కడా క్వారీలోనూ బ్రిడ్జికి ఎస్‌టీపీ పెట్టి, ట్యాప్‌కు పాత్ కాస్ట్ (దారి ఖరీదు; తక్కువున్న దారినే ఎస్‌టీపీ ఎంచుకుంటుంది) ఎక్కువగా ఇచ్చి, వీపీఎన్‌ను ఎప్పుడూ లేపే ఉంచండి. రేడియో ఉన్నంతసేపు ట్యాప్ దారిని ఎస్‌టీపీయే మూసి ఉంచుతుంది. రేడియో పరికరం ఎస్‌టీపీ ఫ్రేములను తన గుండా పోనిస్తోందో లేదో ముందు చూసుకోండి, పోనివ్వకపోతే ఇదంతా వృథా. దారి మారడానికి 30 నుంచి 50 సెకన్లు పడుతుంది. ఓపెన్‌వీపీఎన్‌లోనే ఉన్న టన్ రకానికి గానీ, వైర్‌గార్డ్ అనే మరో వీపీఎన్‌కు గానీ మారమనేవాణ్ణే, కానీ అవి మూడో లేయర్‌వి (ఈథర్నెట్ ఫ్రేములను కాక ఐపీ ప్యాకెట్లనే మోస్తాయి), బ్రిడ్జిలో చేరవు. బ్రాడ్‌కాస్ట్ అటు చేరదు గనుక మీ కాటా సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు.

ఇంకొకటి: బ్రిడ్జి మ్యాక్ అడ్రసును (నెట్‌వర్కులో దాని గుర్తింపు సంఖ్యను) మీరే ఖాయం చేయండి. లేకపోతే తన పోర్టుల్లో అన్నిటికన్నా చిన్న మ్యాక్‌ను అది తీసుకోవచ్చు, ట్యాప్ చేరినప్పుడు అది మారితే కాసేపు పింగ్ ఆగి, మళ్లీ కెర్నెల్‌నే అనుమానిస్తారు.

ప్రశ్నించినవారు

రేడియో ఎస్‌టీపీ ఫ్రేములను పోనిస్తోంది, రెండు చోట్లా ఆన్ చేశాను. ఈ మధ్యాహ్నం రెండుసార్లు కరెంటు పోయి వచ్చింది, సర్వర్ కదల్లేదు. దారి మారేలోపు కాటా దగ్గర ఒక లారీ ఆగింది, అంతే.