శుక్రుడి మీద సముద్రం ఉండేదా, లేదా?

వేగుచుక్క: "శుక్రుడు పుట్టుకతోనే ఎడారి" అని పక్క దారంలో (థ్రెడ్‌లో) ఒకరు తేల్చేశారు. 1978లో వెళ్లిన పయొనీర్ వీనస్ వ్యోమనౌక డేటా ప్రకారం అక్కడ డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్), మామూలు హైడ్రోజన్ల నిష్పత్తి భూమి మీద కంటే 100 రెట్లకు పైనే. లెక్కలకు 150 వాడతారు. తేలికైన హైడ్రోజన్ అంతరిక్షంలోకి పోయింది, బరువైనది మిగిలింది. నీళ్లే లేకపోతే అంత హైడ్రోజన్ ఎక్కడిది?

నల్లరాయి: 150తో దేన్ని గుణిస్తున్నారో కూడా చెప్పండి. మేఘాల కింద నీటి ఆవిరి సుమారు 30 పీపీఎం, అంటే పది లక్షల అణువుల్లో 30. నేల మీద పీడనం 92 బార్ (ఒక బార్ దాదాపు భూమి మీది గాలి పీడనం). దాన్ని గురుత్వం 8.87తో భాగిస్తే చదరపు మీటరు మీద 10.4 లక్షల కిలోల గాలి. దాన్ని 30 పీపీఎంతో గుణించి, బరువులోకి తేవడానికి 18/44తో (నీటి అణువు బరువు 18, అక్కడి గాలి అయిన కార్బన్ డయాక్సైడ్‌ది 44) గుణించాలి. వచ్చేది 12.7 కిలోలు, అంటే గ్రహమంతా పరిస్తే 1.3 సెంటీమీటర్ల నీళ్లు. 150 రెట్లు చేసినా 2 మీటర్లే. భూమి సముద్రాలు అలా పరిస్తే 2.6 కిలోమీటర్లు. మీది చెరువు కూడా కాదు.

పిల్లకాకి: 3 సెంటీమీటర్లని చదివానండీ?

నల్లరాయి: 18/44 మర్చిపోతే సరిగ్గా 3.1 వస్తుంది. వేసి చూడండి.

వేగుచుక్క: 1.3 అయితేనేం, 3 అయితేనేం. మీ 2 మీటర్లు కనీసపు లెక్క. డ్యుటీరియం అసలు పోదనుకుంటేనే అది. హైడ్రోజన్‌తో పోలిస్తే సగం రేటున అదీ పోయిందనుకోండి, 150 వర్గం చేయాలి, 22,500. అప్పుడు దాదాపు 290 మీటర్లు.

నల్లరాయి: ఆ సగం మీరు అనుకున్నది. అగ్నిపర్వతాలో తోకచుక్కలో నీళ్లు తెచ్చిపోస్తూ, అంతే పోతూ ఉన్నా నిష్పత్తి అలా పెరగొచ్చు. అప్పుడు తొలినాటి నీటి గురించి అది ఏమీ చెప్పదు. సరే, ఉన్నాయనే అనుకుందాం. భూమంత సముద్రం విడిపోయి హైడ్రోజన్ వెళ్లిపోతే 240 బార్ల ఆక్సిజన్ మిగలాలి. ఎక్కడుంది? నిరుడు ఇదే అడిగితే నా పోస్టు లేపేశారు.

వేగుచుక్క: లేపేసింది ప్రశ్నని కాదు, మీరు వాడిన భాషని. ఆక్సిజన్ని శిలాద్రవం తాగేస్తుంది. నేలంతా కరిగి ఉన్న తొలి దశలో అదేం పెద్ద పని కాదు.

గోదారిగట్టు: అన్నా, అది నీ వాదనకే దెబ్బ. రాయి కరిగి ఉండగానే ఆవిరి పోతే ఇక సముద్రం ఎప్పుడు కట్టినట్టు?

వేగుచుక్క: అంతా అప్పుడే పోయిందనలేదు. 2016లో మైకేల్ వే బృందం కంప్యూటర్ మోడల్ చూడండి. 243 రోజులకో చుట్టు తిరిగే గ్రహం కదా, పగటివైపు దట్టంగా మేఘం కమ్మి ఎండని తిప్పికొట్టింది. సముద్రం నిలిచింది.

నల్లరాయి: నేల మీద ముందే నీళ్లు పోసి మొదలుపెడితే నిలవక ఏం చేస్తుంది! 2021లో మార్టిన్ టర్బే బృందం వేడి ఆవిరితో మొదలుపెట్టింది. మేఘాలు రాత్రివైపు చేరాయి. ఎండని ఆపలేదు, వేడిని మాత్రం బయటికి పోనివ్వలేదు. వాన పడనే లేదు.

వేగుచుక్క: ఓహో! అంటే నీళ్లు ఉన్నాయని మీరూ ఒప్పుకుంటున్నారు, అవి ద్రవమయ్యాయా అన్నదే మీ పేచీ. ఆ ముక్క ముందే అనుంటే ఈ సెంటీమీటర్ల గోల ఎందుకు?

నల్లరాయి: నిష్పత్తి చూపించి సముద్రం అన్నది మీరు. నిష్పత్తి ఆవిరికీ అంతే వస్తుంది.

గోదారిగట్టు: మోడల్ ఎక్కడ మొదలైతే అక్కడికే చేరుతోంది. తేల్చాల్సింది రాయి. మెజెల్లాన్ వ్యోమనౌక రాడార్ పటాల్లో ఉల్కా బిలాల లెక్కన నేల సగటు వయసు 30–75 కోట్ల ఏళ్లే, అంతకంటే పాతది దొరికితే టెస్సెరా (గట్లు గట్లుగా ముడతలు పడ్డ) ఎత్తుల్లోనే దొరకాలి. గ్రానైట్ పెద్దమొత్తంలో తయారవాలంటే నీళ్లు కావాలి. వీనస్ ఎక్స్‌ప్రెస్ వ్యోమనౌక చూస్తే ఆల్ఫా రీజియో అనే టెస్సెరా ఎత్తు, 1 మైక్రాన్ పరారుణ కాంతి దగ్గర, చుట్టూ ఉన్న మైదానాల కంటే తక్కువ ఉద్గారం చూపింది, గ్రానైట్ లాంటి రాయి తీరది. నాసా పంపబోయే డావించి దిగేదీ అక్కడే.

వేగుచుక్క: చూశారా, గ్రానైట్!

నల్లరాయి: ఇనుము తక్కువున్న రాయి అనండి, చాలు. కార్బన్ డయాక్సైడ్ పీల్చకుండా వదిలిన కొద్ది తరంగదైర్ఘ్యాల సన్నటి కిటికీల్లోంచి ఖనిజం పేరు చదవలేం. పైగా కిలోమీటరు ఎత్తుకి 8 డిగ్రీలు చల్లబడుతుంది, చల్లటి రాయి ఎలాగూ మసగ్గానే కనిపిస్తుంది. ఆ ఎత్తు సవరణకి వాడేది మెజెల్లాన్ ఆల్టిమీటర్ని (ఎత్తు కొలిచే రాడార్‌ని), దాని ఒక్కో చుక్క 10–20 కిలోమీటర్ల వెడల్పు. టెస్సెరా గట్లు అంతకంటే సన్నం.

పిల్లకాకి: జెనాన్ వాయువు ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న రకాల) సంగతి ఎవరూ ఎత్తరేం? వాటినింకా అక్కడ సరిగా కొలవనేలేదు.

నల్లరాయి: దానికి వేరే దారం తెరవండి. ఇక్కడ ముందు ఆ "సగం" ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పాలి.