లైనక్స్ నేర్చుకోవాలంటే ఆర్చ్‌తోనే మొదలుపెట్టాలా?

నిడదవోలు మామయ్య:
మా మేనల్లుడు బీటెక్ రెండో సంవత్సరం. వాడి ల్యాప్‌టాప్‌లో ఏడో తరం ఐ5, 8 జీబీ ర్యామ్. విండోస్ 11 దాని మీద ఎక్కనంటోంది, విండోస్ 10కేమో మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. కాలేజీ పరీక్షల సాఫ్ట్‌వేర్ కోసం విండోస్ ఒక మూల ఉంచుకుని, పక్కన లైనక్స్ (విండోస్ లాంటిదే, ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకోరా, అందులో తేలికైన రకం మింట్ అయితే అరగంట పని అన్నాను. ససేమిరా అంటున్నాడు. అన్నీ చేత్తో కట్టుకోవాల్సిన రకం, ఆర్చే వేస్తాడట. యూట్యూబ్‌లో ఎవరిదో టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే కిటికీ) గాజు పలకలా ఉండి వెనకాల వాల్‌పేపర్ కనిపిస్తోంది, దాని మీద మనసు పారేసుకున్నాడు. పైగా నాకే క్లాసు: "మింట్ వేస్తే నేర్చుకునేదేముంది మామయ్యా, నెక్స్ట్, నెక్స్ట్ నొక్కడమేగా!"

నాకు ఇది మోజులాగే కనిపిస్తోంది. కానీ వాడి మాటలో ఎంతో కొంత నిజం ఉందేమో అని కూడా ఉంది. చేత్తో ఇన్‌స్టాల్ చేసినవాళ్ళు చెప్పండి, నిజంగా ఏమైనా వచ్చిందా, రెండు రాత్రుల నిద్ర పోవడమేనా?

చీకటి థీమ్:
మీవాడే కరెక్ట్ అండి.

నేను ఆర్చ్ మొదటిసారి వేసింది హాస్టల్ గదిలో, రాత్రి పదకొండింటికి. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేశా, వైఫై కలిసింది. డిస్క్‌ని పార్టిషన్లు చేసి, ఫార్మాట్ చేసి, మౌంట్ చేసి (అంటే సిస్టమ్‌కి తగిలించి), పాక్‌స్ట్రాప్ అనే కమాండ్‌తో బేస్ ప్యాకేజీలు దించా. ఏ డిస్క్ భాగం ఎక్కడ తగలాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలు తయారుచేసి, క్రూట్ కమాండ్‌తో కొత్త సిస్టమ్ లోపలికెళ్ళి పాస్‌వర్డ్ పెట్టి, సిస్టమ్‌ని బూట్ చేసే గ్రబ్ వేసి, రీబూట్ కొట్టా. నల్ల తెర మీద లాగిన్ అడిగింది. ఎగిరి గంతేశా. తీరా పింగ్ కొడితే నెట్ లేదు. వైఫైని కలిపే ప్రోగ్రామే లేదు! పెన్‌డ్రైవ్‌లో నడిచిన సిస్టమ్ వేరు, డిస్క్ మీద నేను కట్టుకున్నది వేరు అని అప్పుడు బుర్రలో వెలిగింది. నెట్‌వర్క్ కోసం ఏదో ఒకటి వేసుకోమని ఆర్చ్ వికీలో ఉంది, చదవకుండా దాటేసింది నేనే.

మళ్ళీ పెన్‌డ్రైవ్ పెట్టి, మౌంట్ చేసి, క్రూట్ చేసి నెట్‌వర్క్‌మేనేజర్ వేశా. ఐదు నిమిషాలు పట్టింది. అంతకుముందు నాకు తెలిసిన రిపేరు ఒక్కటే, మొత్తం ఫార్మాట్ కొట్టడం. ఆ రాత్రి తర్వాత ఏ మెషిన్ బూట్ కాకపోయినా నాకు టెన్షన్ లేదు. మింట్ నేర్పుతుందా ఇది?

పాత పెంటియం:
ఎందుకు నేర్పదు తమ్ముడూ? మింట్ పెన్‌డ్రైవ్ పెట్టినా మౌంట్ చేసి క్రూట్ చెయ్యొచ్చు. అది లైనక్స్ విద్య, ఆర్చ్ సొత్తు కాదు.

నేను 2007లో ఉబుంటు అనే లైనక్స్‌తో మొదలుపెట్టా. అప్పట్లో అడిగితే సీడీ పోస్టులో ఫ్రీగా ఇంటికి పంపేవాళ్ళు, 2011లో ఆపేశారు. విదేశీ స్టాంపు చూసి మా పోస్ట్‌మాన్ ఏదో సంబంధం కుదిరిందనుకున్నాడు. అప్పటి నుంచీ సర్వర్లే నాకు కూడు పెడుతున్నాయి. కింద నుంచి చేత్తో కట్టాల్సిన అవసరం ఎన్నిసార్లొచ్చిందో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రోజూ వచ్చే తలనొప్పులు వేరే. ఫైలుకి పర్మిషన్ లేక సర్వీస్ లేవదు. లాగ్ ఫైళ్ళతో డిస్క్ నిండిపోతుంది. దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అవ్వడానికి నిన్నటిదాకా పనిచేసిన ఎస్‌ఎస్‌హెచ్ కీ ఇవాళ చెల్లదు. ఇవన్నీ డెబియన్‌లోనో ఉబుంటులోనో రెడ్ హ్యాట్‌లోనో వచ్చేవి.

వికీ చూసుకుంటూ కమాండ్లు వరసగా కొట్టడం, పుస్తకం చూసి వ్రతం చేయించడం లాంటిది. వరస తప్పకపోతే పూజ అయిపోతుంది, ప్రసాదం పంచేస్తారు. అర్థం తెలిసిందా అంటే అది వేరే సంగతి. అదీ కాక 2021 ఏప్రిల్ నుంచి ఆర్చ్ ఐఎస్‌ఓలోనే (పెన్‌డ్రైవ్‌కి ఎక్కించే ఫైలు) ఇన్‌స్టాల్ చేసిపెట్టే ఆర్చ్‌ఇన్‌స్టాల్ అని మెనూ ఒకటి ఇస్తున్నారు. మామయ్యగారూ, మీవాడు రెండో రాత్రి ఆ మెనూ దగ్గరికే వస్తాడు, రాసిపెట్టుకోండి.

చీకటి థీమ్:
వ్రతం పోలిక బాగుంది అన్నా. కానీ నాకు వరస తప్పింది కదా. తప్పబట్టే వచ్చింది.

పాత పెంటియం:
అక్కడివరకూ ఒప్పుకుంటా. నీ చేత్తో జరిగిన తప్పు నీకు పాఠం. మరి 2022 ఆగస్టులో? గ్రబ్ అప్‌డేట్ ఒకటి వచ్చి ఆర్చ్, దాని మీద కట్టిన ఎండెవర్‌ఓఎస్ వాడేవాళ్ళు కొందరికి మెషిన్లు బూట్ కాలేదు. వాళ్ళు చేసిందల్లా అప్‌డేట్ కొట్టడం. మర్నాడు ల్యాబ్ ఇంటర్నల్ ఉన్న కుర్రాడికి అది పాఠం అనవు, గండం అంటావు.

ఇంకోటి, ఆ గాజు టెర్మినల్ మింట్‌లోనే వస్తుంది. టెర్మినల్ ప్రొఫైల్‌లో రంగుల పేజీకి వెళ్తే స్లైడర్ ఉంటుంది, జరిపితే చాలు. దానికోసం ఆర్చ్ దాకా పోనక్కర్లేదు.

డీటీపీ అక్క:
మీరిద్దరూ బూట్ దగ్గరే కొట్టుకుంటున్నారు. బూట్ అయ్యాక సంగతి నేను చెప్తా.

మాది ప్రింటింగ్ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు. మేం వాడే అను తెలుగు ఫాంట్లు, పేజీలు కట్టే పేజ్‌మేకర్ విండోస్‌ని వదిలిరావు, అందుకని షాపులో మెషిన్ విండోసే. ఇంట్లోదానికి మా అబ్బాయి ఆర్చ్ వేసిచ్చాడు. బ్రౌజర్ తెరిచి తెలుగు పేపరు పెడితే అక్షరాల బదులు డబ్బాలు. హెడ్డింగ్ డబ్బాలు, వార్త డబ్బాలు. అడగనిది వెయ్యకపోవడం ఆర్చ్ పద్ధతి, తెలుగు ఫాంటు కావాలని మేం అడగలేదు. నోటో ఫాంట్లు వేశాక అక్షరాలొచ్చాయి.

ఇక టైపింగ్. ఐబస్ అనే ప్రోగ్రామ్ వెయ్యాలి, దానికి భాషల కీబోర్డులిచ్చే ఎం17ఎన్ తగిలించాలి, అందులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్టీఎస్ ఎంచుకోవాలి. అప్పటికీ కొన్ని ప్రోగ్రాముల్లో తెలుగు పడలేదు. లాగిన్ అయినప్పుడు చదివే ఫైల్లో మూడు లైన్లు రాస్తేగాని దారికి రాలేదు. ఆదివారం మొత్తం దానికే పోయింది. అయితే ఒకటి చెప్పాలి. ఇన్నేళ్ళ డీటీపీలో నాకు తెలియనిది ఆ రోజు తెలిసింది. అనులో కొట్టింది ఫాంటు తీసేస్తే ఇంగ్లీషు గుర్తుల చెత్తగా మిగులుతుంది కదా, ప్రతి అక్షరానికీ సొంత కోడ్ ఉండే యూనికోడ్‌లో అలా ఉండదు. "లక్ష్మి" అని కొడితే లోపల క, ష, మ విడివిడిగానే ఉంటాయట. వాటిని కలిపి ఒత్తుల్ని వాటి చోట కూర్చోబెట్టే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది, ఫాంటులో రాసిపెట్టిన సూచనల్ని బట్టి.

మామయ్యగారూ, గాజు సంగతి తర్వాత. ముందు తెలుగులో ఒక పేజీ టైప్ చేసి చూపించమనండి వాణ్ణి. ఏది వేసుకున్నా సరే. మింట్‌లో అయితే భాషల సెట్టింగుల్లోనే సగం పని అవుతుంది, అది వేరే విషయం.

బడిపంతులు:
కేరళలో ప్రభుత్వ బడుల పిల్లలు ఉబుంటు మీద కట్టిన సొంత లైనక్స్ వాడుతున్నారు. వాళ్ళలో ఎవరూ ఎఫ్‌స్టాబ్ చూసి ఉండరు. అయినా విండోస్ లేకపోతే కంప్యూటరే లేదన్న భయం ఉండదు వాళ్ళకి. మనదగ్గర స్వేచ్ఛ సంస్థవాళ్ళు డెబియన్ మీద తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చారు, అలాంటిది బడుల్లో ఎంతమంది చూశారు? వాడుక ముందు రావాలి, మరమ్మతు తర్వాత.

చీకటి థీమ్:
మాస్టారూ, వాడటం నేర్చుకోవడం వేరు, సెట్ చేసుకోవడం నేర్చుకోవడం వేరు కదండీ. మామయ్యగారు అడిగింది రెండోది.

కాజీపేట జంక్షన్:
ఇంత గొడవెందుకు? మింట్ వేసుకుని, దానిలో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్) పెట్టి, దాంట్లో ఆర్చ్ కట్టుకోమనండి. 20 జీబీ ఖాళీ ఉంటే చాలు. స్నాప్‌షాట్ (అప్పటికి ఉన్న స్థితి కాపీ) తీసుకుంటే ఎన్నిసార్లు చెడగొట్టుకున్నా వెనక్కి రావొచ్చు.

చీకటి థీమ్:
వర్చువల్‌బాక్స్‌లో వైఫై కార్డే కనపడదు బ్రో, వైరు కనెక్షన్‌లా చూపిస్తుంది. మూత వేసి తీస్తే తెర వెలగకపోవడాలు, ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు అలకలు ఏవీ అక్కడ ఎదురుకావు. అది గట్టున కూర్చుని ఈత నేర్చుకోవడం.

కాజీపేట జంక్షన్:
పార్టిషన్, మౌంట్, క్రూట్ మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే. వైఫై యుద్ధం కావాలంటే మింట్‌లో కూడా దొరుకుతుంది, కార్డు రియల్‌టెక్‌ది అయితే. అప్పుడు ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేసుకోమనండి. డ్రైవరు దించుకోడానికి చాలు.

నిడదవోలు మామయ్య:
పది రోజులైంది, సంగతి చెప్పి వెళ్దామని వచ్చా.

బేరం ఇలా కుదిరింది. ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ పక్కన మింట్. ఇంట్లో పడున్న 500 జీబీ హార్డ్ డిస్క్‌ని యూఎస్‌బీ కేసులో పెట్టి దాని మీద ఆర్చ్. పెంటియం గారూ, మీ జోస్యం ఫలించలేదు, మెనూ ముట్టుకోకుండా మూడు రాత్రులు పట్టించాడు.

నాలుగో రోజు ఆర్చ్ ఆగిపోయింది. ఒకటిన్నర నిమిషం ఏదో డిస్క్ కోసం ఎదురుచూసి, హోమ్ (సొంత ఫైళ్ళుండే చోటు) దొరకలేదని ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోయింది. మావాడు ఎఫ్‌స్టాబ్ తయారుచేసేటప్పుడు యూయూఐడీలు (డిస్క్ భాగాల గుర్తింపు నంబర్లు) పెట్టమనే ఆప్షన్ వదిలేశాడట, అందులో డిస్కులు కనబడిన వరసని బట్టి వచ్చే పేరు, ఎస్‌డీబీ3 అని పడింది. ఆ రోజు పెన్‌డ్రైవ్ ఒకటి తగిలించి ఆన్ చేశాడు, అది ఎస్‌డీబీ అయి కూర్చుంది, మన డిస్క్ ఎస్‌డీసీ అయింది. వాడే కనుక్కుని సరిచేశాడు. "పేరు మారుతుంది మామయ్యా, యూయూఐడీ మారదు" అని నాకు చెప్తున్నప్పుడు మొహం చూడాలి. ఇక్కడ చీకటి థీమ్ గారికి ఒక మార్కు వేస్తున్నా.

ఇప్పుడు కొత్తది మొదలైంది. లైనక్స్‌లో పని చేసుకుని విండోస్‌లోకి వెళ్తే గడియారం తప్పు చూపిస్తోంది. పొద్దున తొమ్మిదింటికి మూడున్నర అంటోంది.

పాత పెంటియం:
సరిగ్గా ఐదున్నర గంటలు వెనక ఉందా? లైనక్స్ మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక టైమ్) పెడుతుంది. విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. విండోస్ రిజిస్ట్రీలో ఒక మార్పు చేస్తే పోతుంది, చెప్పమంటారా?

నిడదవోలు మామయ్య:
వద్దండీ. ఐదున్నర ఎక్కణ్ణుంచి వచ్చిందో వాణ్ణే ఆలోచించమన్నా, రేపటిదాకా గడువిచ్చా. అక్కా, తెలుగు పేజీ టైప్ చేశాడు, మింట్‌లో. గాజు టెర్మినల్ కూడా దాంట్లోనే పెట్టుకున్నాడు.