పాత కారు బానెట్ వెలిసింది, డోర్ రంగు కలవట్లేదు

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ ఎర్ర కారు. బానెట్ సున్నం పూసినట్టు పాలిపోయింది, ఒక డోర్ షేడ్ తేడాగా ఉంది. పాలిష్‌తో సర్దుకుంటుందా అండీ?

జవాబు: ముందు తడిగుడ్డతో తుడవండి. తడి ఉన్నంతసేపు రంగు తిరిగొస్తే పైపొర ఆక్సిడైజ్ అయినట్టు (ఎండకి, గాలికి పాడైనట్టు), కాంపౌండ్‌తో, అంటే పైపొరని సన్నగా అరగదీసే పాలిష్ పేస్ట్‌తో, రంగు మళ్లీ తేలుతుంది. మచ్చల అంచులు గోటికి తగిలి పెచ్చులుగా లేస్తుంటే క్లియర్‌కోట్ (రంగు మీద ఉండే పారదర్శక పొర) పోయినట్టే. ఇక రుద్దకండి, పెయింట్ వేయించాల్సిందే.

జవాబు: కాంపౌండ్‌కి ముందు కడిగి క్లే బార్ (అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి మట్టి ముద్ద) తిప్పండి. బానెట్ అంచులకి టేప్ వేయండి, అక్కడ పొర పల్చన, ఇట్టే అరిగిపోతుంది. పాలిష్ ప్యాడ్‌కి మొదటి నుంచే ఎరుపు అంటుతుంటే కంగారు పడకండి, అది క్లియర్‌కోట్ లేని సింగిల్ స్టేజ్ పెయింట్ అయి ఉంటుంది. క్లియర్‌కోట్ ఉన్న బండి అయితే మాత్రం ఆపేయండి, ఆ పొర అరిగిపోయినట్టు.

జవాబు: డోర్‌కి కలర్ కోడ్ (కంపెనీ ఇచ్చే రంగు నంబరు) ఒక్కటే చాలదు, మిగతా బండి ఎండకి మారిపోయి ఉంటుంది. పాలిష్ అయ్యాకే షేడ్ కలిపించి, కార్డు మీద స్ప్రే చేయించి, ఎండలో ఫెండర్ పక్కన పెట్టి చూడండి. మెటాలిక్ (మెరుపు రేణువులున్న) పెయింట్ అయితే పక్క ప్యానెళ్లలోకి బ్లెండ్ చేయించాలి, అంటే కొత్త రంగు క్రమంగా పాతదాంట్లో కలిసిపోయేలా వేయించాలి.