అప్‌డేట్: చీనీ రసం ఈసారి చేదెక్కలేదు

అనంతపురం ఎండల్లో మిద్దె మీద చేరే బంధువుల కోసం చీనీకాయలు (బత్తాయిలు), కళింగర (పుచ్చకాయ), దానిమ్మ కలిపి చేసిన పానీయం రెండు గంటలకే చేదెక్కిందని, కారణం చెప్పమని ఇదివరకు ఇక్కడ అడిగాను. మీరు చెప్పినట్లే తప్పు పండ్లది కాదు, మిక్సీది. గింజలతో, తెల్లని పొరతో కలిపి తిప్పిన చీనీ రసం నిలవ ఉండేకొద్దీ అందులో లిమోనిన్ అనే చేదు పదార్థం ఏర్పడుతుందట. ఎంత చక్కెర పోసినా అది పోకపోవడం అందుకే.

మొన్న ఆదివారం 24 చీనీకాయలను అడ్డంగా కోసి, చేత్తోనే పిండి, వడగట్టాను. అదీ వడ్డనకు పది నిమిషాల ముందు మాత్రమే. ఐసు వేస్తే రసం పలచబడుతుంది గనుక, గింజలు తీసిన కళింగర ముక్కలను ముందు రాత్రే గడ్డ కట్టించి, ఐసుకు బదులుగా వేశాను. అవి కరుగుతూ ఉంటే లేత పసుపు రసంలోకి ఎరుపు చారలుగా దిగడం చూడముచ్చటగా ఉంది. దానిమ్మ గింజలను నలపకుండా పైన చల్లి, పుదీనా, చిటికెడు ఉప్పు కలిపాను. చక్కెర లేదేమని మొదట గొణిగిన మా అత్త రెండో గ్లాసు తానే అడిగి తీసుకున్నారు.

ఒక్క పొరపాటు జరిగింది: 15 నిమిషాలు నానబెట్టిన సబ్జా గింజలను కొళాయి ఉన్న డబ్బాలోనే కలిపేయడంతో అవి కొళాయికి అడ్డుపడ్డాయి. చివరికి మూత తీసి గరిటెతోనే పోశాము. సబ్జాను ఇకపై గ్లాసుకు ఒక చెంచా చొప్పున విడిగానే వేస్తాను.